మా వంటింటి షట్‌డౌన్

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఎవరికీ ప్రాణాపాయం లేదు. ఒక వంటింటి గట్టు కూలుతుంది, ఒక పెద్దమనిషి పరువు పోతుంది, అంతే. గట్టు మాది, పరువు నాది. గట్టు నాలుగు రోజుల్లో తిరిగి లేచింది. రెండోదాని కోసం ఎనిమిదేళ్లుగా ఎదురుచూస్తున్నాను.

అప్పటికి నాకు నలభై ఒక్క ఏళ్లు. జంషెడ్‌పూర్‌లో ఒక ఫ్యాక్టరీలో షట్‌డౌన్ ప్లానర్‌ని. ఆ ఉద్యోగం ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం ఒక్క ముక్క చెబుతాను. పెద్ద పెద్ద యంత్రాలను అప్పుడప్పుడు ఆపి మరమ్మతు చేస్తారు. దాన్నే షట్‌డౌన్ అంటాం. ఆపిన ప్రతి గంటా నష్టమే. అందుకని ఏ బోల్టు ఎవరు విప్పాలి, ఎన్ని గంటలకు విప్పాలి, విప్పేవాడు టీకి వెళ్తే ఆ పది నిమిషాలూ ఇంకెవరు ఏం చేయాలి అని ముందే పెద్ద కాగితం మీద గడులు గీసి రాసే మనిషి ఒకడుంటాడు. వాడు బోల్టు ముట్టుకోడు, గడులు గీస్తాడు. ఆ గీసేవాణ్ణి నేను. నా షట్‌డౌన్ ఒక్కటి కూడా ఆలస్యం కాలేదని అందరికీ చెప్పుకునేవాణ్ణి. అడగనివాళ్లకి రెండుసార్లు చెప్పుకునేవాణ్ణి.

దీనికి తోడు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది నాకు. కుతూహలం. సాక్చి బజారులో గొడుగులు బాగుచేసేవాడు కనిపిస్తే చాలు, వాడి పక్కన చతికిలబడి, ఈ ఊచ ఎందుకు ఇక్కడే విరుగుతుంది, ఆ గుడ్డ ఎందుకు అక్కడే చిరుగుతుంది అని అడుగుతూ ఉండిపోతాను. కూరగాయలకని వెళ్లిన మనిషి గొడుగుల గురించి సమస్తం తెలుసుకుని ఖాళీ సంచీతో ఇంటికొస్తాడు. మా ఆవిడ పార్వతి అలాంటి ఖాళీ సంచులు చాలా చూసింది. ప్రపంచంలో ప్రతి మనిషినీ ప్రతి ప్రశ్నా అడిగిన నేను, ఇంట్లో ఉన్న ఒకే ఒక మనిషిని అడగాల్సిన ఒకే ఒక ప్రశ్న అడగలేదు. అసలు కథ అదే.

మాది గోల్‌మురిలో కంపెనీ క్వార్టర్. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత వచ్చి ఉద్యోగంలో చేరాడు, తర్వాత మా నాన్న, తర్వాత నేను. వంటింట్లో గట్టు మా అమ్మ కాలంలో కట్టించింది. మా అమ్మ పొట్టి మనిషి. గట్టు ఆవిడ ఎత్తుకి ముద్దుగా సరిపోయింది. పార్వతి నాకంటే నాలుగు అంగుళాలు పొడుగు. మా పెళ్లి ఫోటో తీసినాయన మమ్మల్నిద్దర్నీ నిలబెట్టి చూసి, కాసేపు ఆలోచించి, ఆమెను కూర్చోబెట్టాడు. అలాంటి మనిషి పద్దెనిమిదేళ్లుగా ఆ పొట్టి గట్టు మీదికి వంగి వంట చేస్తోంది. ఆ ఏడాది వానాకాలంలో నడుం పట్టేసి, రెండు రోజులు మంచం దిగలేకపోయింది. డాక్టరు మందు రాసిచ్చి, "వంగే పని మానకపోతే ఈ మందు వాడీ ఉపయోగం లేదు" అన్నాడు.

ఇంటికొచ్చాక పార్వతి నాతో అంది, "ఏటండీ, నాకు పెద్ద పెద్దవేటీ వద్దు. ఆ గట్టు మూడు వరసల ఇటుక ఎత్తు చేయించండి చాలు. పైన ఆ పాత పలకే పెట్టీమనండి. కిషున్ మిస్త్రీకి చెబితే ఒక్క రోజులో చేసీత్తాడు."

నా మనసు చివుక్కుమంది. ఫ్యాక్టరీ కొలిములే ఆపి నడిపించే మనిషి ముందుకి మూడు వరసల ఇటుకలు తెచ్చి పెడుతుందా?

"పార్వతీ, మూడు వరసల ఇటుకకి ప్లానర్ ఎందుకే?" అన్నాను.

"అదే నేనూ అంటన్నాను" అంది.

నేనా మాట పట్టించుకోలేదు. అప్పటికే నా బుర్రలో గడులు లేవడం మొదలైంది. ఒక గోడ పొడుగునా వెళ్లి, మూల దగ్గర మలుపు తిరిగి, పక్కగోడ వెంట కొంచెం వచ్చే గట్టు. ఇంగ్లీషు ఎల్ అక్షరంలాగ. పైన నల్ల గ్రానైటు. అదీ రెండు ముక్కలు అతికించినది కాదు, మలుపుతో సహా ఒకే పలక. అతుకు ఉంటే నీళ్లు దిగుతాయి, బొద్దింకలు కాపురం పెడతాయి అని నా సిద్ధాంతం. ఫ్యాక్టరీలో వాడే పెద్ద కాగితం ఒకటి ఫ్రిజ్ తలుపుకి అంటించి, మూడు రోజుల పనిని నలభై మూడు గడులుగా విడగొట్టాను. గ్యాసు తీయుట. గిన్నెలు తరలించుట. పాత గట్టు పగలగొట్టుట. మట్టి మోయుట. ఒక్కో గడికీ గంట, నిమిషం, మనిషి పేరు.

మా అమ్మాయి పింకీ అప్పుడు తొమ్మిదో తరగతి. ఈ ఊళ్లో పుట్టిన పిల్లలు మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతారు. అది చేతులు కట్టుకుని కాగితాన్ని పైనుంచి కిందికి చదివి, "పాపా, ఇస్ మే మమ్మీ కహాఁ హై?" అంది. ఇందులో అమ్మ ఎక్కడుంది అని.

వెతికాను. పదిహేడో గడిలో ఉంది. "టీ — పార్వతి."

"అచ్ఛా" అని అది వెళ్లిపోయింది. దాని అచ్ఛాలో చాలా అర్థాలుంటాయని నాకు ఆ తర్వాత తెలిసింది.

ఇక కొలతలు. టేపు పట్టుకుని వంటింట్లోకి వెళ్తే పార్వతి గుమ్మంలోనే ఆపేసింది. "ఇప్పుడు గిన్నెలన్నీ దింపితే, సాయంత్రం మళ్లీ వంగి ఎక్కించాల్సింది నేనే. పని మొదలెట్టిన రోజు దింపుదురు గానీ, ఎల్లండి" అంది. న్యాయమే. మరి కొలతలు లేకుండా పలక ఎలా కోయిస్తాను?

అక్కడే నాకు మహత్తరమైన ఆలోచన వచ్చింది. కంపెనీ క్వార్టర్లు జంటలుగా కడతారు. మధ్యలో గోడ ఒకటే, ఇటు ఒక ఇల్లు, అటు ఒక ఇల్లు. మా పక్క క్వార్టర్‌లోకి ఆ వారమే జ్ఞానమ్మగారు, ప్రకాశంగారు దిగారు. ఆవిడ స్కూల్లో టీచరు, ఆయన మా ఫ్యాక్టరీలోనే వేరే డిపార్ట్‌మెంటు. వంట సామాన్లు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. వంటిల్లు బోసిగా, నా టేపు కోసమే కాసుక్కూర్చున్నట్టుంది. వెళ్లి మూలమూలా కొలవడం మొదలుపెట్టాను. జ్ఞానమ్మగారు చీపురు పట్టుకుని కాసేపు చూసి చూసి అడిగింది.

"అన్నయ్యగారూ, తప్పుగా అనుకోకండి. మీ వంటింటికి గట్టు కడతా మా వంటిల్లు కొలుత్తన్నారేటి?"

"అమ్మా, కంపెనీ క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఒక్కటే తేడా. జంట క్వార్టర్లు ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి. మీ పెరటి తలుపు కుడిపక్కన, మాది ఎడమపక్కన. అంతే."

"మరి తిరగబడిపోదా?"

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. "నేను క్వార్టర్లలో పుట్టి పెరిగినవాణ్ణమ్మా" అన్నాను.

మీరు నన్ను మరీ తెలివితక్కువవాడు అనుకోకూడదని చెబుతున్నాను, తిరగబడుతుందని నాకు తెలుసు. తెలిసే జాగ్రత్త పడ్డాను. కాగితం మీద ముందుగా వాళ్ల వంటింటి బొమ్మ గీశాను. తలకట్టుగా నా పేరుతో, పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో "అప్పల్రాజు వంటిల్లు — ఫైనల్" అని రాసి సంతకం పెట్టాను. ఇంటికొచ్చి కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించాను. వెలుతురికి గీతలు వెనక్కి కనబడ్డాయి. వాటి మీదే పెన్సిలు నడిపి, కాగితం వెనకవైపు అచ్చం మా వంటింటి బొమ్మ దింపాను. ఏమి ఉపాయం, ఏమి పనితనం! పింకీని పిలిచి మరీ చూపించాను. వెనకవైపు పేరు రాయలేదు. ఒకే కాగితానికి రెండు తలకట్లు ఎందుకు?

ఆ కాగితం పట్టుకుని సాక్చిలో గ్రానైటు కోసే దుకాణానికి వెళ్లాను. కోత పని చేసే పెద్దాయన్ని అందరూ చాచా అంటారు. గడ్డం నిండా రాతిపొడి. ఒకే పలక అనగానే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"రెండు ముక్కలుగా కోయించుకోండి సాబ్. మలుపుతో ఒకటే పలకంటే బరువు, మోసేటప్పుడు విరుగుతుంది. ఏదైనా తేడా వస్తే సర్దడానికి కూడా ఉండదు" అన్నాడు హిందీలో.

"తేడా రాదు చాచా. వచ్చే తేడాలన్నీ కాగితంలోనే తీసేశాను" అన్నాను.

ఆ తర్వాత రెండు గంటలు నేను అక్కడే ఉన్నాను. రంపం మీద నీళ్లెందుకు పోస్తారు? రాయి లోపల పగులుందని చప్పుడు బట్టి ఎలా చెబుతారు? నునుపు ఒక్క వైపే ఎందుకు పెడతారు, రెండో వైపు గరుకుగా ఎందుకు వదిలేస్తారు? చాచా ఓపికగా అన్నిటికీ జవాబు చెప్పాడు. గరుకు వైపు సిమెంటు బాగా పట్టుకుంటుందట, పైగా ఎవరికీ కనబడని వైపు నునుపు ఎవరికి కావాలి అన్నాడు. ఎంత బాగా చెప్పాడు అనుకుంటూ ఇంటికొచ్చాను. ఆయన మాత్రం నన్ను ఒక్క ప్రశ్న అడగబోయి, నా ప్రశ్నల మధ్య సందు దొరక్క ఊరుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న షట్‌డౌన్ మొదలైంది. ఫ్యాక్టరీలో మరమ్మతు జరిగే యంత్రానికి ఎర్ర చీటీ కడతాం, ఎవరూ స్విచ్ వేయకుండా. నేను గ్యాసు పొయ్యికి ఎర్ర చీటీ కట్టాను. పార్వతి వచ్చి చూసింది.

"ఇదేటిది?"

"పని జరుగుతున్న చోటు. వెలిగించాలంటే నా సంతకం కావాలి."

"అలగా? మరి మీకు టీ కావాలంటే ఎవరి సంతకం కావాలో ముందు చెప్పండి."

చీటీ విప్పేశాను. పొయ్యి వెనక వరండాలోకి మారింది. అక్కడ నేల మీద పొయ్యి పెట్టుకుని, గోడకి చెయ్యి ఆనించి వంగుతూ లేస్తూ పార్వతి వంట చేసింది. మూడు రోజులే కదా, ఆ తర్వాత జీవితాంతం సుఖం అని ఆమెకు ధైర్యం చెప్పి లోపలికి వచ్చాను. ఆమె అప్పుడప్పుడు నడుం మీద చెయ్యి వేసుకోవడం చూశాను. చూసి, నా గడుల్లో తర్వాతి గడి చూసుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

కిషున్ మిస్త్రీ పాత పలక ఊడదీసి, "దీన్ని ఏం చేయమంటారు?" అన్నాడు.

"పారెయ్" అన్నాను.

అతను పలకను పెరట్లోకి తీసుకెళ్లాడు. తర్వాత గట్టు పగలగొట్టడం మొదలుపెట్టాడు. నాలుగు సుత్తి దెబ్బలు పడ్డాయో లేదో, సిమెంటు కింద ఎర్రరంగు పొర కనిపించింది. దాని కింద ఇంకో ఇటుక వరస, దాని కింద నల్లటి మసి.

"ఆగు!" అని అరిచాను.

మిస్త్రీ చేతిలో సుత్తి గాల్లో ఆగిపోయింది. "ఏమైంది సాబ్, కరెంటు తీగా?"

"కాదు. ఇదేమిటో చూడాలి."

కింద బొగ్గుల పొయ్యి ఒకటి పూడ్చేసి ఉంది. మా అమ్మ కంటే ముందు, మా నాయనమ్మ కంటే కూడా ముందేమో, ఎవరో ఇక్కడ బొగ్గు రాజేసి వంట చేసుకున్నారు. బూడిద ఇంకా మెత్తగా ఉంది. ఎవరు వాళ్లు? ఏం వండుకునేవాళ్లు? తెలుగువాళ్లా, ఒడియావాళ్లా, బెంగాలీలా? నేను చిన్న గరిటె తెచ్చుకుని, మోకాళ్ల మీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టాను. అరచేతి వెడల్పు గాజు ముక్క దొరికింది. తర్వాత ఒక ఇత్తడి గుండీ. మిస్త్రీ గోడకి ఆనుకుని బీడీ వెలిగించాడు.

"సాబ్, మీ కాగితం ప్రకారం ఈ పాటికి నేను మట్టి మోస్తుండాలి."

"ఉండవయ్యా."

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. సాక్చి నుంచి చాచా.

"సాబ్, మీ కాగితానికి రెండు వైపులా బొమ్మ ఉంది. ఒకటి ఇటు తిరిగింది, ఒకటి అటు తిరిగింది. ఏది కోయమంటారు?"

నా చేతిలో గుండీ ఉంది. దాని మీద ఏదో బొమ్మ ఉన్నట్టుంది, బూడిద తుడిస్తే గానీ తెలిసేలా లేదు. "చాచా, కాగితంలో అంతా ఉంది. చదువుకో" అన్నాను.

"చదివాను సాబ్. అందుకే అడుగుతున్నాను. రాయి ఒకసారి కోస్తే..."

"ఫైనల్ అని ఎటువైపు రాసి ఉంది?"

"ముందువైపు."

"ఫైనల్ అంటే ఏమిటి?"

"ఫైనలే."

"మరి ఇంకేం!" అని ఫోను పెట్టేశాను. గుండీ మీద బొమ్మేమీ లేదు. మామూలు గుండీ.

పింకీ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "పాపా, ఏక్ బార్ జాకే దేఖ్ లో నా" అంది. ఒకసారి వెళ్లి చూసి రమ్మని. సాక్చి ఎంత దూరం? ఆటోలో పావుగంట. కానీ ఆ పావుగంటకి నా కాగితంలో గడి లేదు. పొయ్యి తవ్వడానికి కూడా గడి లేదని మీరు అనవచ్చు. అప్పుడెవరూ అనలేదు.

శనివారం మిస్త్రీ మలుపుతో సహా కొత్త గట్టుకి ఇటుక గోడలు లేపాడు. సగం లేచాక ఆగి, "ఎత్తు ఎంత సాబ్? భాభీజీని ఒకసారి పిలవండి, నిలబెట్టి చూద్దాం" అన్నాడు.

"ఎందుకు? ఫోనులో చూశాను. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తుకి ముప్ఫై అంగుళాలు సరిపోతుందట."

"సగటు ఆడవాళ్లు ఈ ఇంట్లో వండరు కదా సాబ్."

"మిస్త్రీ, నువ్వు ఇటుక పెట్టు" అన్నాను.

పార్వతి అప్పుడు పది అడుగుల దూరంలో, వరండాలో, నేల మీది పొయ్యికి వంగి బెండకాయలు వేయిస్తోంది. పిలిస్తే వచ్చేది. పిలవలేదు.

ఆదివారం పొద్దున్న పలక వచ్చింది. టెంపో మీద గడ్డి పరిచి, దాని మీద దుప్పటి కప్పి, పెళ్లికూతుర్ని తెచ్చినట్టు తెచ్చారు. ఆరుగురు మనుషులు. వీధిలో వాళ్లందరూ గేట్ల దగ్గరికి వచ్చారు. చర్చి నుంచి అప్పుడే వచ్చిన జ్ఞానమ్మగారు, ప్రకాశంగారు కూడా మా గుమ్మంలో నిలబడ్డారు. నేను తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో కాగితం పట్టుకుని, "నెమ్మదిగా, నెమ్మదిగా, కుడివైపు వంచు, ఎడమవాడు ఎత్తు" అంటూ వెనక్కి నడిచాను. పలక వంటింట్లోకి వెళ్లింది. ఇటుక గోడల మీదికి దించబోయారు. ఆగారు. అటు తిప్పారు. ఇటు తిప్పారు. ఆరుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

పలక పొడుగు చెయ్యి గోడ వెంట చక్కగా సరిపోయింది. పొట్టి చెయ్యి మాత్రం పెరటి తలుపుకి అడ్డంగా వెళ్లి నిలబడింది. తలుపు తీయాలంటే గట్టు ఎక్కి దూకాలి. మిస్త్రీ కట్టిన మలుపు గోడ రెండో పక్కన ఒంటరిగా మిగిలిపోయింది.

"తిప్పండి" అన్నాను.

"ఎటు సాబ్?"

"బోర్లించండి! తిరగేస్తే సరిపోతుంది కదా!"

బోర్లించారు. సరిపోయింది. ఎంత బాగా సరిపోయిందో! నునుపు వైపు కిందికి వెళ్లింది. గరుకు వైపు పైకి వచ్చింది. దాని మీద రొట్టె వత్తితే రొట్టెతో పాటు కర్ర కూడా అరిగిపోతుంది. ఎవరికీ కనబడని వైపు నునుపు ఎవరికి కావాలి అన్న చాచా మాట అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. అంత శ్రద్ధగా అడిగి తెలుసుకున్న విద్య వారం తిరక్కుండానే ఉపయోగపడింది.

"సాబ్, మోయలేకపోతున్నాం" అన్నాడు ఆరుగురిలో ఒకడు.

కాగితం తిప్పి చూశాను. మళ్లీ తిప్పి చూశాను. ముందువైపు "అప్పల్రాజు వంటిల్లు — ఫైనల్" అని ఉంది, కింద నా సంతకం. ఆ తలకట్టు కింద ఉన్నది అప్పల్రాజు వంటిల్లు కాదు. వీధి మొత్తం నా నోటికేసి చూస్తోంది.

జ్ఞానమ్మగారు మెల్లగా లోపలికి వచ్చింది. పలకను చూసింది, తలుపును చూసింది, నన్ను చూసింది. పాపం, నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నయ్యగారూ, తప్పుగా అనుకోకండి. ఇది మా వంటిల్లులాగ లేదేటండీ?"

ఎవరూ ఏమీ అనకముందే పార్వతి అంది, "ఉందండీ. మీదే. తీసుకుపొండి."

"అయ్యో, అలగెలగండీ?"

"మరి మేం పెరట్లోకి దూకి వెళ్లాలేటి? మోసేవోళ్లు నిలబడీ ఉన్నారు, పాపం. ముందు తీసుకుపొండి, మిగతాది మనం మనం చూసుకుందాం."

ఆరుగురూ బయటికి నడిచారు, పక్క గేటులోంచి లోపలికి వెళ్లారు. నేనూ వెళ్లాను. కుతూహలం, ఏం చేయను? అంత అవమానంలో కూడా చూడాలనిపించింది. వాళ్ల పాత గట్టు మీద పలక దించారు. గోడకీ పలకకీ మధ్య గోరు కూడా దూరలేదు. మూల మూలకి అతుక్కుపోయింది. పొట్టి చెయ్యి కింద మిస్త్రీ ఒక గంటలో ఇటుకలు నిలబెట్టాడు. జ్ఞానమ్మగారు పొట్టి మనిషి, ఎత్తు కూడా ఆవిడకి కుట్టించినట్టు కుదిరింది. ప్రకాశంగారు టేపుతో ఒకసారి కొలిచి నా భుజం తట్టాడు. "బ్రదర్, కొలత అంటే ఇదండీ. వెంట్రుక వాసి తేడా లేదు" అన్నాడు. నిజమే. నా కొలత ఎక్కడా తప్పలేదు. ఇల్లొక్కటే తప్పింది.

ఇంటికొచ్చేసరికి పార్వతి వంటింట్లో ఒక్కతే నిలబడి ఉంది. చుట్టూ పలక లేని ఇటుక గోడలు. ఆమె ఒక గోడ మీద చేతులు ఆనించి చూసుకుంటోంది. ఇంకా వంగే ఉంది. ముప్ఫై అంగుళాలు ఆమెకి సరిపోలేదు. అంటే నా పలక సరిగ్గా వచ్చి కూర్చున్నా, ఆ నల్లటి మెరుపు మీదికి ఆమె ఇంకో పద్దెనిమిదేళ్లు వంగి ఉండేది. ఊరంతా వచ్చి గట్టును మెచ్చుకుని వెళ్లేది. ఆమె నడుం సంగతి ఎవరికీ తెలిసేది కాదు, నాకు కూడా. తిరగబడిన పలక చూసినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది గానీ, ఆమె అలా వంగి నిలబడటం చూసినప్పుడు నిజంగా బాధేసింది.

"పార్వతీ, తప్పయిపోయింది" అన్నాను.

ఆమె నాకేసి చూసింది. కోపం లేదు. అలసిపోయి ఉంది. "సరే గానీ, కాసేపు అలగ పక్కకి నిలబడండి. కిషున్ భయ్యా, ఇలగ రండి."

మిస్త్రీ వచ్చాడు. పార్వతి నిటారుగా నిలబడి, కూర కలుపుతున్నట్టు మోచెయ్యి మడిచింది. "ఇదిగో, ఇక్కడికి" అంది. అతను సుద్దముక్కతో గోడ మీద గీత గీశాడు. ప్లాను పూర్తయింది. పట్టిన సమయం ఒక నిమిషం.

"ఆ మలుపు గోడ తీసీండి. తిన్నగా ఒకటే గట్టు చాలు. పాత పలక ఉంటే బాగుండును" అంది పార్వతి.

"ఉంది భాభీజీ. సాబ్ పారేయమన్నారు, నేను పెరట్లో గోనె కప్పి ఉంచాను" అన్నాడు మిస్త్రీ. నాకేసి చూడకుండా చెప్పాడు. అది అతని మంచితనం.

సోమవారం మధ్యాహ్నానికి గట్టు లేచింది. పాత పలకే, పాత గోడ దగ్గరే, పాత దానికంటే మూడు వరసల ఇటుక ఎత్తులో. ఆమె మొదటి రోజు అడిగింది అచ్చంగా అదే. నేను చేసిందల్లా దానికి నాలుగు రోజులు, నలభై మూడు గడులు, ఆరుగురు మనుషులు, ఒక టెంపో కలపడం. జ్ఞానమ్మగారు ఆ నాలుగు రోజుల్లో చివరి రెండు రోజులూ మా ముగ్గురికీ తన కొత్త గట్టు మీద వండి పెట్టింది. మిగతా ఇచ్చిపుచ్చుకోవడాలు ఆడవాళ్లిద్దరూ కూర్చుని తేల్చుకున్నారు. నన్ను పిలవలేదు, నేనూ అడగలేదు. నా జీవితంలో నేను కావాలని అడగకుండా ఊరుకున్న విషయం అదొక్కటే.

సిమెంటు ఆరాక, గురువారం పొద్దున్న నేను డ్యూటీకి తయారవుతుంటే వంటింట్లోంచి చప్పుడేమీ రాలేదు. ఎప్పుడూ పొద్దున్న ఆమె వంగేటప్పుడు ఒకసారి, లేచేటప్పుడు ఒకసారి "అమ్మా" అనేది. ఆ మాట అన్నేళ్లుగా వింటూ అది వంటింటి చప్పుళ్లలో ఒకటి అనుకున్నాను. వెళ్లి చూశాను. పార్వతి నిటారుగా నిలబడి ఉప్మా కలుపుతోంది. ఎంత పొడుగు మనిషి! పద్దెనిమిదేళ్లలో నేను ఆ సంగతి మరిచేపోయాను. చాలా సంతోషం వేసింది. ఆ సంతోషంలో నా వాటా ఏమీ లేకపోయినా వేసింది.

"ఏటి చూత్తన్నారు? ప్లేటు ఇలగ పెట్టండి" అంది.

ప్లేటు గట్టు మీద పెట్టబోయాను. గట్టు నా ఛాతీ దాకా వచ్చింది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. ఒక నెల పోయాక జ్ఞానమ్మగారు పెరటి గోడ మీదుగా నన్ను పలకరించింది. "అన్నయ్యగారూ, మీ బాత్‌రూం ఎప్పుడు బాగుచేయిత్తన్నారండీ?"

"మా బాత్‌రూమా? ఇప్పట్లో లేదమ్మా. ఎందుకు?"

"ఏం లేదండీ. మా దాంట్లో టైల్స్ పాతబడిపోనాయి. మీరు మొదలెట్టేముందు ఒక్క మాట చెబితే, కొలుచుకోడానికి వీలుగా మేం బక్కెట్లూ అవీ బయట పెట్టీసుకుంటాం."

ఎనిమిదేళ్లయినా ఆవిడ ఆ మాట అడగడం మానలేదు. అందుచేత, పెరటి గోడకి అటు ఉన్నవాళ్లూ ఇటు ఉన్నవాళ్లూ సాక్షులుగా, అప్పల్రాజు అనే నేను, పూర్తి స్పృహలో ఉండి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై మా ఇంట్లో మేకు దిగగొట్టాలన్నా, ఆ మేకుకి ఎవరు ఏం తగిలిస్తారో వాళ్లను ముందు అడుగుతాను. వాళ్లు మూడు ఇటుకలంటే మూడే పెట్టిస్తాను. ఫైనల్ అన్న మాట నా చేత్తో రాయను. టేపు పార్వతి బీరువాలో ఉంటుంది, తాళం కూడా ఆమె దగ్గరే ఉంటుంది. మా బాత్‌రూం గోడలు నెర్రెలిచ్చినా, కుళాయి పగలూ రాత్రీ కారినా, పార్వతి, కిషున్ మిస్త్రీ కలిసి ఏది తేలిస్తే అదే జరుగుతుంది, నా వంతు వాళ్లిద్దరికీ టీ పెట్టివ్వడం. జ్ఞానమ్మగారు దయచేసి బక్కెట్లు లోపల పెట్టుకోవాలని మనవి.